రెండో కుర్చీ

"ఉప్పెంత?" అని మా ఆయన అడిగారు. చెంచా నింపి చూపించాను. ఆదివారం వంట ఆయనది. అంటే పొయ్యి దగ్గర నిలబడి గరిటె తిప్పేది ఆయన. ఉల్లిపాయలు తరిగేది, గిన్నెలు అందించేది, మంట తగ్గించమని చెప్పేది, చివరికి వంటగట్టు తుడిచేది నేను. మొదటి ముద్ద దిగగానే అత్తయ్య ఫోనందుకుని మా ఆడపడుచుకి చెబుతుంది. "ఇవాళ వంట మీ అన్నయ్యదేనమ్మా. మీ వదిన అదృష్టవంతురాలు, కూర్చుని తింటోంది." అప్పటికి నేనింకా కూర్చోను కూడా కూర్చోను.

ఈ మాటల్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేశాననుకున్నాను, ఆఫీసులో కొత్త పద్ధతి వచ్చేదాకా.

దాన్ని ఎజైల్ అన్నారు. ఏడాదికి సరిపడా ప్లాన్లు గీసుకుని కూర్చోవడం కాదు, రెండు వారాలకోసారి పనికొచ్చే ముక్కొకటి చేసి చూపించాలి. ప్రోగ్రాము సరిగ్గా నడుస్తోందో లేదో పట్టి చూసే పరీక్షని ముందు రాయాలి, తర్వాతే ప్రోగ్రాము. ఇద్దరు ఒకే కంప్యూటర్ ముందు కూర్చోవాలి. ఒకరు టైపు చేస్తుంటే రెండోవాళ్లు దారి చెప్పాలి. పాతిక నిమిషాలకోసారి కీబోర్డు చేతులు మారాలి. నేర్పడానికొచ్చిన ట్రైనర్ ఇవన్నీ చెబుతుంటే నిజంగానే సంబరపడ్డాను. పద్నాలుగేళ్ల ఉద్యోగంలో, నేను చెప్పేది వినడానికి పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టడం అదే మొదటిసారి. నలభై దాటాక కొత్త నోట్సు పుస్తకం కొని చిన్నపిల్లలా రాసుకున్నాను.

నాకు జతగా హీరోని వేశారు. ఆఫీసంతా అతన్ని అలాగే పిలుస్తుంది. నాకంటే పన్నెండేళ్లు చిన్న, చెడ్డవాడు కాదు, చేతులు మహా చురుకు. పాతిక నిమిషాలయ్యేసరికి "ఒక్క నిమిషం అక్కా, ఈ లైను అయిపోనీ" అంటాడు. ఆ లైను సాయంత్రం దాకా అవదు. మేం చేస్తున్నది ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల ప్రోగ్రాము. ఏ పరీక్ష ముందు రాయాలో, ఎక్కడ తేడా కొడుతుందో నేను చెబుతాను, అతను టైపు చేస్తాడు. అడిగి తీసుకోవచ్చు కదా అని మీరనొచ్చు. నోటిదాకా వచ్చేది, పోనీలే అని మింగేసేదాన్ని. పోనీలే అనుకోవడంలో నాకున్న అనుభవం ఇంకెందులోనూ లేదు.

మూడు నెలలయ్యాక మేనేజర్ పిలిచాడు. కొత్త టీముకి లీడ్‌ని ఎంచుతున్నామని, అయితే నేను, లేకపోతే హీరో అని చెప్పాడు. తెర మీద ప్రోగ్రాములో ఎవరెన్ని మార్పులు చేశారో పేర్లవారీగా ఉంది. అక్కడ టైపు చేసినవాళ్ల పేరే పడుతుంది. హీరోవి రెండువందల పది. నావి తొమ్మిది. "మీరు కాస్త స్పీడు పెంచాలి" అన్నాడు, మర్యాదగానే.

సాయంత్రం ఇంట్లో చెబితే, మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా "పక్కన కూర్చుని చెప్పడం కూడా ఒక పనేనా?" అన్నారు. ఆదివారాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఆయన్ని చూసి కాదు, నన్ను చూసుకుని. ఇంట్లో అలవాటైన రెండో కుర్చీని నేనే ఆఫీసుకి మోసుకెళ్లాను.

శుక్రవారం, చేసిన పని చూపించే రోజు. ఆసుపత్రి నుంచి పెద్ద నర్సు వచ్చింది. హీరో చూపిస్తుంటే ఆవిడ ఒకచోట ఆపింది. "రద్దయిన అపాయింట్‌మెంటుని వెంటనే ఇంకొకరికి ఇవ్వకుండా పది నిమిషాలు ఆపారెందుకు?"

హీరో నావైపు చూశాడు. మా ఆయన గరిటె పట్టుకుని చూసే చూపే అది.

జవాబు నాకు తెలుసు. ఒకసారి ఒక చేత్తో గిన్నెలు కడుగుతూ, ఇంకో చేత్తో ఫోను నొక్కి, అమ్మ అపాయింట్‌మెంటు పొరపాటున రద్దు చేశాను. తేరుకునేలోపు అది ఇంకెవరికో వెళ్లిపోయింది. అమ్మ మూడు వారాలు నొప్పితో ఆగింది. ఆ పది నిమిషాలు అక్కణ్ణుంచి వచ్చాయి. ఇంకెప్పుడైనా అయితే మెల్లగా అతనికి అందించేదాన్ని, అతను గట్టిగా చెప్పేవాడు.

ఈసారి అందించలేదు. అందరూ ఎదురుచూస్తున్నారు.

"అది అక్కకే తెలుసు" అన్నాడు హీరో చివరికి.

లేచి వెళ్లి "కీబోర్డు ఇటివ్వు" అన్నాను. అతను లేచాడు. ఆ కుర్చీలో కూర్చుని, పది నిమిషాల సంగతీ, దాని పరీక్షలూ అన్నీ చూపించాను. మేనేజర్ ఆ మార్పుల లిస్టు తెరిచి, ఇందులో ఇంకేవి మీవని అడిగాడు.

"రెండువందల పందొమ్మిదీ మా ఇద్దరివి. ఇకనుంచి రెండు పేర్లూ పడాలి" అన్నాను. హీరో తలూపాడు. లీడ్ ఎవరో సోమవారం చెబుతామన్నారు.

ఆదివారం వంటింట్లోంచి కేక వినిపించింది. "ఉప్పెంత?"

"రుచి చూసుకోండి" అన్నాను, భోజనాల బల్ల దగ్గర నోట్సు పుస్తకం తిరగేస్తూ.

ఉప్పెక్కువైంది. కూర్చునే తిన్నాను.