బోర్డు నిద్ర లేచేలోపు

నా తమ్ముడిని ఇంట్లో అందరూ మేధావి అంటారు. మొదట్లో మెచ్చుకోలుగానే అనేవారు.

మాది పుస్తకాల బైండింగ్ షాపు. కుట్టిన పుస్తకాల అంచులు సమంగా కోయడానికి ఒక కత్తి మిషన్ ఉంది. ట్యాంకులో నింపిన గాలి ఒత్తిడితో దాని కత్తి దిగుతుంది. పాత కంట్రోలు చెడిపోతే, మేధావి దాని చోట ఒక చిన్న కంప్యూటర్ బోర్డు బిగించాడు. రెండు చేతులతో రెండు బటన్లు కలిపి నొక్కితే తప్ప కత్తి దిగదు. అంటే కోసేటప్పుడు చేతులు బటన్ల మీదే ఉంటాయి.

"బావగారి వేళ్లకి నాదీ పూచీ అక్కా," అన్నాడు. నిజంగానే మురిసిపోయాను.

మా ఆయనకు ఒక అలవాటు ఉంది. కత్తి కింద ఇరుక్కున్న కాగితం ముక్కలను కరెంటు పోయినప్పుడే తీస్తారు. నడిచే మిషన్లో చెయ్యి పెట్టకూడదని మా మామగారు నేర్పారట. కరెంటు పోతే లోకమంతా విసుక్కుంటుంది, ఈయన మాత్రం చొక్కా చేతులు మడుచుకుంటారు.

మొన్న అలాగే కరెంటు పోయింది. ఆయన చెయ్యి మోచేతిదాకా లోపల పెట్టి ఊడుస్తుండగా తుమ్మొచ్చింది. చెయ్యి బయటికి తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. అప్పుడే కరెంటొచ్చింది. బటన్ల దగ్గర ఎవరూ లేరు. కత్తి టక్కున దిగి, తిరిగి పైకెళ్లి, ఏమీ ఎరగనట్టు నిలబడింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన ఇంకోసారి తుమ్మారు.

కబురు పెడితే మేధావి వచ్చి, ల్యాప్‌టాప్ తెరిచి, చాలాసేపు చూశాడు.

"ప్రోగ్రాంలో తప్పేం లేదక్కా."

"మరి దాన్ని దిగమని ఎవరు చెప్పార్రా?"

"ఎవరూ చెప్పలేదు. కరెంటు రాగానే ప్రోగ్రాం లేవడానికి ఓ క్షణం పడుతుంది. ఆలోపు బోర్డు పిన్నులకి ఏం చెయ్యాలో చెప్పేవాళ్లుండరు. తయారుచేసినవాళ్లు ఎలా పెడితే అలా ఉంటాయి. ఈ పిన్ను సున్నాలో ఉంటుంది. కత్తికి గాలి వదలడానికి నేను తెచ్చిన స్విచ్చికేమో సున్నా వస్తే కత్తిని దించమని అర్థం."

"అంటే, ఎవరూ ఏమీ చెప్పకపోతే కోసెయ్యడమే దాని పద్ధతా?"

"ఒక్క క్షణమేగా!"

"వేళ్లు తెగడానికి ఎంతసేపు పడుతుందిరా?"

"పోనీలే, పాపం వాడెంత కష్టపడ్డాడో," అన్నారు మా ఆయన. ఆయనకు బావమరిది అంటే ప్రాణం. నా భయం కూడా ఆ ప్రాణం గురించే.

"మొదటి లైన్లోనే దిగొద్దని రాసేస్తాను," అన్నాడు మేధావి. రాశాడు. నేను వంటింట్లోంచి ఒక కీరదోసకాయ తెచ్చి కత్తి కింద పెట్టి, మెయిన్ ఆపి మళ్లీ వేశాను. కాయ రెండు ముక్కలైంది.

"మొదటి లైను చదవాలన్నా ముందు నిద్ర లేవాలి కదరా," అన్నాను. ఆ ముక్క నాకు చెప్పింది వాడే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం, ఆ పూట మాత్రం పనిముట్ల పెట్టె తెరిచాడు.

బియ్యపుగింజంత రెసిస్టరు ఒకటి తీసి పిన్నుకు అతికించాడు. ప్రోగ్రాం లేచేదాకా అది పిన్నును సున్నాకి దిగనివ్వదట. ఇంకో కీరదోసకాయ పెట్టాం. ఎన్నిసార్లు ఆపి వేసినా చెక్కు చెదరలేదు.

"చూశావా! ఇంక బావగారు నిశ్చింతగా చెయ్యి పెట్టుకోవచ్చు."

"ముందు నువ్వు పెట్టు. నేను మెయిన్ వేస్తాను."

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. వాడు చొక్కా చెయ్యి మడిచి కత్తి దాకా తీసుకెళ్లి, అక్కడ ఆగి, రెసిస్టరు వంక చూశాడు.

"వాడి చెయ్యెందుకులే, నేను పెడతాను," అంటూ మా ఆయన ముందుకొచ్చారు. ఆయనకు వాడి మీద అంత నమ్మకం.

"వద్దు బావా!"

మేధావి ఆయన చెయ్యి పట్టుకుని ఒక్క లాగు లాగాడు. ఇద్దరూ కాగితాల కట్టల మీద పడ్డారు. పడ్డాక కూడా వాడు ఆ చెయ్యి వదల్లేదు. కాసేపటికి లేచి చెప్పులు వేసుకున్నాడు.

"ఎక్కడికిరా?"

"గాలి కట్టేసే వాల్వు తేవడానికి. అది మూసి, లోపలున్న గాలంతా వదిలేశాకే ఎవరైనా చెయ్యి పెట్టాలి. నేనొచ్చేదాకా దాని జోలికి వెళ్లకండి."

గుమ్మం దాటినవాడు వెనక్కి వచ్చి, మెయిన్ ఆపి, ఫ్యూజు పీకి జేబులో వేసుకుని వెళ్లాడు.