బాగున్న బిడ్డకు బాగలేదని

పుత్తూరులో విరిగిన చేతులకూ కాళ్ళకూ కట్లు కట్టే ఇళ్ళ తోవలో కాపురముండే మనిషికి, లోకంలో విరగని ఎముక ఒకటి ఉంటుందని నమ్మకం కుదరడం కష్టం. నిర్మలమ్మకు ఆ నమ్మకం ఏనాడో పోయింది. పొద్దున్నే ముగ్గు వేయడానికి తలుపు తీస్తే చాలు, మెడకు గుడ్డ కట్టి చేయి వేలాడేసుకున్నవాళ్ళు, కాలు చాపుకుని మూలిగేవాళ్ళు ఆటోల్లోంచి దిగుతుంటారు. "ఎట్లా పడినావు నాయనా?" అని అడగకుండా ఆమె ఉండలేదు. చెప్పేవాళ్ళు కూడా ఎప్పుడూ ఒకే తీరున మొదలుపెడతారు. "కొత్త బండి కొని నెల కాలేదమ్మా." "పెండ్లి కుదిరి వారమన్నా కాలేదమ్మా." విని విని ఆమెకొక సంగతి ఖాయమైపోయింది. మనిషికి మంచి జరగడంలో ఆపద లేదు, జరిగిందని నలుగురికీ తెలియడంలో ఉంది. నరుడి కంటికి నల్లరాళ్ళే పగులుతాయంటారు. ఆడపిల్ల ఎంత?

అందుకే కూతురు పల్లవి సంగతులు ఆమె నోటి గడప దాటవు. పల్లవి తిరుపతి పక్కన ఇంజనీరింగు చదివింది. తడ దగ్గర సెల్‌ఫోన్ల లోపలి భాగాలు తయారుచేసే కంపెనీలో చేరి, ఒక్కో మెట్టే ఎక్కి, ఈ ఏడు సరుకును పరీక్షించే విభాగానికంతా పెద్ద అయింది. ఆ మాట నిర్మలమ్మ సొంత చెల్లెలికి కూడా చెప్పలేదు. ఎవరైనా అడిగితే, "ఏదో, పోతా వస్తా ఉండాది" అని మాట తిప్పేస్తుంది.

ఇట్లా ఉండగా ఒకనాడు, భర్త దొరస్వామి ఫోను ఇంట్లో మరిచి అంగడికి పోయినప్పుడు అది మోగింది.

"అమ్మా, నేను భానుచందర్‌ని. పల్లవి క్లాసుమేటును. కాలేజీ నుంచి మాట్లాడతా ఉండాను."

కాలేజీ అనగానే నిర్మలమ్మ గబగబా పోయి వీధి తలుపు మూసింది. "ఏమైంది నాయనా? దాని సర్టిఫికెట్లు చెల్లవన్నారా?"

"అయ్యో, అదేం లేదమ్మా. పాత విద్యార్థులందరం వచ్చే నెల కలుస్తా ఉండాము. ఎవరు యాడుండారు, ఏం చేస్తా ఉండారు, స్టేజీ మీద అందరికీ చెప్పల్లని. పల్లవి నంబరు మారినట్టుండాది. కాలేజీ రిజిస్టర్లో ఈ నంబరు దొరికింది. ఇప్పుడేం చేస్తా ఉండాది ఆ పిల్ల?"

స్టేజీ మీద. అందరికీ. అన్ని వందల కళ్ళు ఒక్కసారిగా తన బిడ్డ మీదికి తిరిగినట్టు నిర్మలమ్మకు కనబడింది.

"ఏం చేస్తాది నాయనా, ఇంట్లోనే ఉండాది."

"ఉద్యోగం?"

"ఉద్యోగమూ ల్యా, గిద్యోగమూ ల్యా."

అవతల మాట ఆగిపోయింది. అతను వెంటనే ఇంకేదైనా అడిగి ఉంటే అంతటితో పోయేదేమో. ఆ మౌనమే ఆమె చేత ఇంకొంత పలికించింది. అబద్ధం ఒంటరిగా నిలబడదు కదా, పక్కన ఆనుకోవడానికి ఇంకొకటి కావాలి. ఆ పొద్దున నారాయణవనం నుంచి ఒకావిడను నడుము పట్టుకుపోయిందని మంచం మీద మోసుకొచ్చినారు. ఆవిడ నడుమును తెచ్చి నిర్మలమ్మ తన కూతురికి పెట్టేసింది. "ఒళ్ళు కూడా బాగలేదు. నడుము. లేవల్లన్నా ఒకరు పట్టుకోవల్ల."

"ఆమె నంబరన్నా ఇయ్యండమ్మా, మాట్లాడతాము."

"దానికి ఫోనే లేదు నాయనా."

"ఫోను కూడా లేదా!" అన్నాడు భానుచందర్. "మీరేం దిగులుపడొద్దమ్మా. మేమందరం ఉండాము."

ఫోను పెట్టేసినాక, ఇంత సొమ్ము దొంగల కళ్ళుగప్పి ఇల్లు చేర్చినంత నిమ్మళంగా అనిపించింది ఆమెకు.

నెల తిరిగింది. శనివారం సాయంత్రం పల్లవి పుత్తూరు వచ్చి, చెప్పులైనా విప్పకుండానే అంది: "మా, రేపు నువ్వు నాతోపాటు కాలేజీకి రావల్ల. పాత స్టూడెంట్లందరూ వస్తా ఉండారు. కంప్యూటర్లో చూసి తెలుసుకున్నా."

"రేపు అమావాస్య గదమే."

"అమావాస్య పోయి నాలుగు దినాలైంది."

"బస్సెక్కితే నాకు తల తిరుగుతాది."

"కిటికీ పక్కన కూర్చో." పల్లవి సంచిలోంచి ఒక కవరు తీసి తల్లి ఒళ్ళో పెట్టింది. "సూడు. ఏటా మా కాలేజీ పిల్లల్ని పదిమందిని మా కంపెనీలో పనికి పెట్టుకొని నేర్పిస్తారంట. ఏడాదిగా పెద్దోళ్ళ వెంటపడితే ఇప్పటికి సంతకం పెట్టినారు. మేము చదివేటప్పుడు ల్యాబులో మిషన్లకు గుడ్డ కప్పి పెట్టి, బోర్డు మీద బొమ్మ గీసి చూపించేవాళ్ళు. ఉద్యోగంలో చేరిన మొదటి దినం మిషను యాడ ఆన్ చెయ్యల్లో తెలియక బాత్రూములోకి పోయి ఏడ్చినా మా. ఆ కష్టం ఈ పిల్లలకొద్దు. ఎవరికీ చెప్పలేదు. స్టేజీ ఎక్కి నేనే చెప్తా. నువ్వు ముందు వరసలో కూర్చోవల్ల."

నిర్మలమ్మకు ఆ ఫోను సంగతి గుర్తుంది. చెప్పడానికి ఆ రాత్రి లోపల మంచి సమయాలు చాలానే దొరికినాయి. సంగటి కెలికేటప్పుడు చెప్పొచ్చు, పక్కలు పరిచేటప్పుడు చెప్పొచ్చు. చెబితే బిడ్డ కోప్పడుతుంది. అంతమంది సంగతుల్లో ఒక ఫోను మాట ఎవరికి గుర్తుంటుందిలే అనుకుని, ఆ అబ్బాయి మతిమరుపువాడు కావాలని కులదేవతకు దండం పెట్టుకుని పడుకుంది.

ఆ అబ్బాయి మతిమరుపువాడు కాదు. కాలేజీ గేటు దగ్గర మెడలో కార్డు వేసుకుని నిలబడినవాడల్లా, పల్లవిని చూసి పరుగెత్తుకొచ్చినాడు.

"పల్లవీ! నువ్వెట్లా వచ్చినావు? నడిచే వచ్చినావా?"

"లేదప్పా, ఎగిరొచ్చినా," అని పల్లవి నవ్వింది.

భానుచందర్ నవ్వలేదు. పోయి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చినాడు. పల్లవి కూర్చోకపోతే, దాన్ని చంకకు తగిలించుకుని వాళ్ళ వెనకే నడిచినాడు. కాలేజీలో కొత్తగా వచ్చినవన్నీ చూపించినాడు. డాబా మీద సౌర పలకలు, ఆడపిల్లల హాస్టలుకు మంచినీళ్ళ యంత్రం, తలుపులు తీసిపెట్టిన కొత్త ల్యాబు. ప్రతిచోటా ముందు కుర్చీ వేసి, తరువాత చెప్పినాడు. "ఇదో, లిఫ్టు కూడా పెట్టించినాము. నీకింక మెట్లెక్కే బాధ లేదు."

"ఏంది వీడు, నేనేమన్నా ముసలిదాన్నా?" అని పల్లవి తల్లి చెవిలో గొణిగింది. నిర్మలమ్మ గోడ మీది గడియారాన్ని అదే పనిగా చూసింది.

వరండాలో రామచంద్ర అనే ఇంకొక క్లాసుమేటు, హైదరాబాదులో తాను కట్టించిన ఇంటి సంగతి చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. పల్లవి దగ్గరికి రాగానే ఆ చేతులు జేబుల్లోకి పోయినాయి. "ఏదోలే, చిన్న కొంప," అన్నాడు నేల చూపులు చూస్తూ. చుట్టూ ఉన్నవాళ్ళు ప్రమోషన్లూ కార్లూ ఎక్కడివక్కడ మింగేసి, ఎండలు జాస్తిగా ఉండాయని మాట్లాడుకున్నారు. బిడ్డ మీద పడకూడదనుకున్న చూపులన్నీ పడనే పడినాయి. అసూయతో కాదు, జాలితో. ఈ రెండో దిష్టికి ఏం తీసిపారేయాలో నిర్మలమ్మకు ఎవరూ నేర్పలేదు.

ఇంతలో దూరంగా పాత మాస్టరు మునిరామయ్య కనబడితే, దండం పెట్టి వస్తానని పల్లవి పక్కకు పోయింది. అప్పుడే ఒక బక్కపల్చటి అమ్మాయి కుంటుకుంటూ వచ్చి నిర్మలమ్మ చేతులు పట్టుకుంది. హాస్టల్లో పల్లవి గదిలోనే ఉండిన లోహిత. కుంటే మనిషిని చూస్తే నిర్మలమ్మ నోరు ఆగదు.

"కాలికేమైంది తల్లీ? యాడ పడినావు?"

"పడలేదు ఆంటీ." లోహిత సిగ్గుపడింది. "భాను ఫోన్ చేసి పల్లవి సంగతి చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర ల్యా. హాస్టల్లో నాకు టైఫాయిడు వస్తే, పరీక్షలు పెట్టుకొని కూడా నా పక్కనే కూర్చునింది ఆంటీ ఆ పిల్ల. అందుకే స్వామికి మొక్కుకున్నా. అలిపిరి నుంచి నడిచి, మోకాళ్ళ పర్వతం మోకాళ్ళ మీదనే ఎక్కినా. వారం కూడా కాలేదు, సూడండి, తన కాళ్ళ మీద తాను నడుచుకుంటా వచ్చింది!" అంటూ కళ్ళు తుడుచుకుంది.

చీర కుచ్చిళ్ళ కింద, మోకాలి కట్టు ఉబ్బు తెలుస్తూనే ఉంది. ఆ తోవలో కాపురమున్నన్నాళ్ళూ నిర్మలమ్మ ఎన్ని దెబ్బలకో కారణాలు అడిగి తెలుసుకుంది. గుంత అన్నారు, గేదె అడ్డమొచ్చిందన్నారు, చెట్టుకొమ్మ విరిగిందన్నారు. ఒక దెబ్బకు కారణం తన నోరే అవుతుందని ఏనాడూ అనుకోలేదు.

"అదంతా అబద్ధం తల్లీ," అంది.

"ఏది ఆంటీ?"

"నడుమూ అబద్ధమే, ఉద్యోగం లేదన్నదీ అబద్ధమే. అది గుండ్రాయి మాదిరి ఉండాది. కంపెనీలో పెద్దది. దిష్టి తగుల్తాదని నేనే అట్లా చెప్పినా."

లోహిత కోప్పడి ఉంటే బాగుండేది. ఆ పిల్ల తన మోకాళ్ళ వైపు కాసేపు చూసుకుంది. "అయితే నేను ఎవరి కోసం ఎక్కినట్టు ఆంటీ?" అని, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

హాల్లో మైకు కీచుమంది. అందరూ లోపలికి కదిలినారు.

వేదిక మీద మునిరామయ్య ఒక్కొక్కరి సంగతీ చెప్పుకొచ్చినాడు. చప్పట్ల మీద చప్పట్లు. పల్లవి ముందు వరసలో కవరు ఒళ్ళో పెట్టుకుని, జుట్టు సర్దుకుని, తన వంతు కోసం చూస్తోంది. నిర్మలమ్మ ఆ చేయి పట్టుకుని "పోదాం పద తల్లీ, ఇంటికి పోదాం" అనేలోపల మాస్టరు గొంతు తగ్గింది.

"ఇక మన పల్లవి. తెలివైన బిడ్డ. కాలం కలిసిరాలేదు. ఉద్యోగమూ లేక, ఆరోగ్యమూ లేక కష్టపడతా ఉండాది. మన బిడ్డను మనమే చూసుకోవల్ల కదా. అందుకని కొత్త ల్యాబులో కూర్చుని చేసే చిన్న పని ఒకటి ఆమెకు ఇస్తా ఉండాము."

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. పల్లవి వెనక్కి తిరిగి, ఇంకొక పల్లవి ఎవరా అని వెదికింది. అంతలో భానుచందర్ కుర్చీతో వచ్చేసినాడు. "లేవొద్దు, లేవొద్దు. రామచంద్రా, నువ్వు ఆ పక్క పట్టబ్బా. ఎత్తి స్టేజీ ఎక్కిద్దాం."

అప్పుడు పల్లవి తల్లి వైపు తిరిగింది. బిడ్డ ముఖంలో అంతా తెలిసిపోయిన సంగతి కనబడింది.

నిర్మలమ్మ ఎట్లా లేచిందో, మెట్లెట్లా ఎక్కిందో ఆమెకే తెలియదు. మైకు ముందర నోరు పెడితే తన గొంతు ఎవరిదో అయి హాలంతా మోగింది. "నాయనలారా, నా బిడ్డకు ఏ జబ్బూ ల్యా. తడ కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తా ఉండాది. మీ అందరి కళ్ళు పడతాయని నేనే అబద్ధం చెప్పినా. బిడ్డకేం తెలియదు. దాన్నేమనొద్దండి."

హాలంతా నవ్వులు. మునిరామయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వినాడు. "నాలుగు దినాలు అన్నం సయించలేదమ్మా నాకు!" అని భానుచందర్ నెత్తి కొట్టుకున్నాడు. "ఒరే భానూ, పొద్దున్నుంచి మోసినావు, ఆ కుర్చీలో ఇంక నువ్వే కూర్చో!" అని రామచంద్ర అరిచినాడు. తిట్టి ఉంటే తట్టుకునేదేమో, ఆ నవ్వుల మధ్య నిర్మలమ్మకు కొంగు ఎక్కడ కప్పుకోవాలో తోచలేదు. నవ్వనివాళ్ళు ఇద్దరే. ఒకరు గోడకు ఆనుకుని నిలబడిన లోహిత. ఇంకొకరు పల్లవి.

పల్లవి వచ్చి మైకు తీసుకుని, కవరు విప్పి చదివింది. ఏడాది కష్టపడిన మాట మూడు వాక్యాల్లో అయిపోయింది. చెబుదామనుకున్న గుడ్డ కప్పిన మిషన్ల సంగతి చెప్పనే లేదు. "ఇది నిజమేనా పల్లవీ, మళ్ళా అమ్మనడగల్లా?" అని వెనక నుంచి ఎవరో అంటే, చప్పట్లు కూడా నవ్వులో కలిసిపోయినాయి.

బయట ఆటో ఎక్కబోతున్న లోహితను నిర్మలమ్మ అందుకుంది. "నీ పేరు మీద నేనూ ఎక్కుతా తల్లీ, మోకాళ్ళతోనే."

"వద్దు ఆంటీ. ఇంకొక జత మోకాళ్ళు పగలడం యాల?" అని లోహిత కాలు జాగ్రత్తగా లోపలికి పెట్టుకుంది.

పుత్తూరు బస్సులో పల్లవి కిటికీ పక్కన కూర్చుంది. రేణిగుంట దాటినాక, బయటికే చూస్తూ అంది: "ర్యాంకు వస్తే ఎవరికీ చెప్పొద్దన్నావు. ఉద్యోగమొస్తే చెప్పొద్దన్నావు. ఈ ఏడు పెద్ద చేసినారని ఫోన్ చేస్తే, మెల్లగా మాట్లాడు, పక్కింటోళ్ళు వింటారన్నావు. నాకేమనిపించేదో తెలుసునా మా? నేను చేసే పని నీకు నామోషీ ఏమో అని."

నిర్మలమ్మ నోరు తెరిచింది. నువ్వే నా ప్రాణం, నా కంటి వెలుగు అనాలి. అట్లాంటి మాటలు పలకడం అలవాటు తప్పిన నోరు అది. తెరుచుకుని అట్లాగే మూసుకుంది.

ఇటుపక్క ఒళ్ళో కూరగాయల బుట్ట పెట్టుకున్న పెద్దావిడ, బస్సుల్లో అందరూ అడిగినట్టే అడిగింది: "కూతురా? ఏం చేస్తా ఉండాది?"

పల్లవి కదల్లేదు. కానీ ఆ చెవి ఇటే ఉందని నిర్మలమ్మకు తెలుసు. చెప్పబోయి ముందు రోడ్డు చూసింది. బస్సు వేగంగా పోతోంది, ముందర లారీ ఉంది, డ్రైవరు ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"ఇంజనీరు," అంది. "పెద్ద కంపెనీలో ఒక విభాగమంతా ఈమె చేతి కిందనే. ఇప్పుడు కాలేజీ పిల్లలకు పని నేర్పించే ఏర్పాటు కూడా చేసింది. ఈమే. ఒక్కతే తిరిగి."

"అట్లనా," అని పెద్దావిడ నోరారా ఆవలించింది. "ఆ కిటికీ రవంత ముయ్యమను తల్లీ, గాలి కొడతా ఉండాది."

పల్లవి కిటికీ అద్దం లాగింది. తల్లి వైపు మాత్రం తిరగలేదు.