రేకుల రూములో శిగం

పక్కింటి సౌభాగ్య పూలమ్మితో అన్నదట. పూలమ్మి మల్లెలు మూర కొలుస్తూ విద్యావతి చెవిన వేసింది.

"టీచరమ్మా, ఆయితారం ఆయితారం మీ బిడ్డ మీదికి అమ్మవారు వస్తుందంట గద! సౌభాగ్యమ్మ పక్క డాబా మీద బట్టలారేస్తుంటె విన్నదంట. మనిషి గొంతు కానేకాదంట అది. శిగమూగుడేనంట. మాకు చెప్పకపోతివి."

విద్యావతికి నవ్వు రాబోయి ఆగింది. పోయిన నెల ఇదే సౌభాగ్య, టీచరమ్మ బిడ్డను తలుపేసి కొడుతుందని నాంపల్లి స్టేషన్ వెనక గల్లీ అంతా చాటింపు వేసింది. దాని పక్కన పెడితే ఇది ప్రమోషనే. "ఊఁ" అని ఊరుకుని పూలు తీసుకుని నడిచింది. ఆ "ఊఁ" చాలు. మధ్యాహ్నానికల్లా టీచరమ్మే ఒప్పుకుందన్న మాట గల్లీ చివరిదాకా పోయింది.

అసలు సంగతి వేరు. డాబా మీది రేకుల రూములో ఆదివారం పూట కూతురు శ్రీనిధి బ్యాండు ప్రాక్టీసు చేస్తుంది. బ్యాండు పేరు "చెవిపోటు". పాడేది శ్రీనిధి. పాడేది అని మర్యాదకు అనడమే, అది అరుపు. కడుపులోంచి పేగులు కదిలేట్టు అరుస్తుంది. వెనకాల అఖిలేష్ డ్రమ్ములు వాయిస్తుంటే కింద వంటింట్లో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. గోడలకు గుడ్ల అట్టలు అంటించారు, తలుపుకు పాత పరుపు కట్టారు. అయినా అరుపు ఆగుతుందా!

ఇదేం సంగీతమని విద్యావతి మొదట్లో తల పట్టుకుంది. అర్థమయ్యేట్టు చెప్పింది అంజన్. అతను నాంపల్లి కోర్టు ముందర అర్జీలు టైపు చేస్తాడు, నలభై దాటాయి. పదిహేడు పద్దెనిమిదేళ్ల కింద అతనికీ ఒక బ్యాండుండేది, "అన్‌పోస్టెడ్" అని. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం అమ్మే పాత పుస్తకాల్లో విదేశీ పాటల పత్రికలు ఏరుకుని, వాటిలో బొమ్మలు చూసి జుట్టు ఒక కంటి మీదికి దువ్వుకుని తిరిగేవాళ్లట. ఇప్పుడు దువ్వడానికి జుట్టు లేదు. ఉన్న పాత యాంప్లిఫయర్ పిల్లలకిచ్చి, ఆదివారం తనూ వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటాడు.

"మాది ఇమో అక్కా, ఏడ్పు. వీళ్లది హార్డ్‌కోర్, కొట్లాట. ముందుగాల కొట్లాటే పుట్టింది, దాని కడుపుల ఏడ్పు పుట్టింది. ఒక్క ఇంటియే రెండూ."

"మరి మీ బ్యాండేమైంది?"

"పాటలు లేక పోలే అక్కా. జాగా లేక పోయింది. ఇంటాయన రూము ఖాళీ చెయ్యమన్నడు. ఇంకో రూము దొరికినంక కలుద్దామనుకున్నం. దొరకలే, కలవలే."

ఆ మాట విద్యావతి లోపల ముల్లులా దిగబడింది. ఎందుకంటే ఇంటి ఓనరు వామన్‌రావు అప్పటికే చెప్పేశాడు, నెలాఖరుకు పైరూము తాళంచెవి తన చేతిలో ఉండాలని. "పెండ్లి మర్ఫా డప్పులు ఒక్కనాడు ఉంటయి, ఓర్చుకుంటం. నుమాయిష్ ఎగ్జిబిషన్ మైకులు నెలన్నర, ఓర్చుకుంటం. ఇది ఏడాది పొడుగునాయె. ఇండ్లల్ల ఉండాల్నా వద్దా టీచరమ్మా?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు కూడా.

కానీ విద్యావతి బాధ విద్యావతిది. భర్త దవాఖానలో పోయిన రాత్రి శ్రీనిధి గట్టిగా ఏడవబోతే, పక్కన పేషెంట్లు పండుకున్నరు, సప్పుడు చెయ్యొద్దని నర్సు నోటి మీద వేలు పెట్టింది. పిల్ల నోరు మూసుకుంది. మూసుకున్నది రెండేళ్లు తెరవలేదు. లక్డీకాపూల్ ఆఫీసుకు పోవడం, రావడం, ఇంత అన్నం కెలికి లేవడం. ఈ బ్యాండు పెట్టినాకే, అరిచిన రోజు రెండోసారి అన్నం పెట్టించుకుంటుంది, పచ్చడి అడుగుతుంది, ఆఫీసులో మేనేజరును వెక్కిరించి చూపిస్తుంది. ఆ రూము పోతే మళ్లీ ఆ మూసుకున్న నోరే ఇంట్లో తిరుగుతుంది.

పూలమ్మి ముచ్చట జరిగిన మూడోనాడు వామన్‌రావు వచ్చాడు. గడప బయటే చెప్పులు విడిచాడు, ఎన్నడూ లేంది.

"పైరూము సంగతి మరిచిపో టీచరమ్మా. నాకు తెల్వక అన్న. తల్లి కూసున్న జాగ నేనెట్ల ఖాళీ చేపిస్త?"

అట్లాంటిదేం లేదు సార్ అనే మాట విద్యావతి నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, అక్కడే కూర్చుంది. "మీ దయ సార్" అని మాత్రం బయటికొచ్చింది.

కూతురితో ఓనరు మనసు మార్చుకున్నాడని మాత్రమే చెప్పింది. అంజన్‌తో నిజం చెప్పింది. అతను కోర్టు ముందర టైపు మిషన్ మీద తల పెట్టి నవ్వాడు.

"జర నోరు మూసుకుని ఉండక్కా. పాపం మనం అబద్ధమాడినమా? వాళ్లే అనుకున్నరు. వచ్చే నెల ఆబిడ్స్‌ల పోరగాండ్లకు మొదటి ప్రోగ్రాం ఉన్నది. అప్పటిదాంక గడవనియ్యి."

గడవలేదు.

ఆషాఢం ఆదివారం. గల్లీలో బోనాలకు తోరణాలు కడుతున్నారు. పైన ప్రాక్టీసు మంచి ఊపు మీదుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు విని విద్యావతి వంటింట్లోంచి ఉరికొచ్చేసరికి, సౌభాగ్య పసుపునీళ్ల చెంబు, వేపమండలు పట్టుకుని పైకెక్కేసింది. వెనక వామన్‌రావు, ఉతికిన ధోతిలో, చేతిలో కొబ్బరికాయతో.

"ఇప్పుడొద్దు సార్, పిల్లలు..." అని విద్యావతి వెంటపడింది.

"ఇప్పుడే గదనే రావాల్సింది! తల్లి దిగినంక ఎవలు పలుకుతరు?" అంది సౌభాగ్య, పరుపు కట్టిన తలుపు తోస్తూ.

డ్రమ్ములు ఆగాయి. శ్రీనిధి మైకు పట్టుకుని వంగి ఉంది. జుట్టు ఊడి మొహమంతా చెమటకు అంటుకుంది, మెడ నరాలు ఇంకా తేలే ఉన్నాయి. చూసినవాళ్లు అమ్మవారే అనుకోరా మరి! సౌభాగ్య వంగి ఆమె పాదాల మీద పసుపునీళ్లు పోసింది. నీళ్లు వైర్ల వైపు పారుతుంటే అఖిలేష్ ఎగిరి స్విచ్చి ఆపేశాడు. అంజన్ గోడ దగ్గర లేచి నిలబడ్డాడు.

వామన్‌రావు మోకాళ్ల మీద కూర్చున్నాడు. అరవై అయిదేళ్ల మనిషి. కొబ్బరికాయ కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు.

"తల్లీ, తప్పు మాటలన్న, నా తప్పు కాయి. నా ఇంటిది దవాఖానల పది దినాలాయె, కండ్లు తెరుస్తలేదు. డాక్టర్లు నిలబడి చెప్తలేరు. ఇంటికొస్తదా తల్లీ? ఒక్క మాట చెప్పు. రూము నీదే, ఇల్లు నీదే."

శ్రీనిధి తల్లి వైపు చూసింది. ఓనరు మనసెందుకు మారిందో ఇప్పుడామెకు అర్థమైంది. వామన్‌రావు వీపు వెనక నిలబడి విద్యావతి తలూపింది. వస్తుందని చెప్పు బిడ్డా, ఏం పోయింది, ముసలాయనకు ఇంత ధైర్యం, నీకు నీ రూము అన్నట్టు, కళ్లతోనే బతిమాలింది. అంజన్ కూడా తలూపాడు.

శ్రీనిధి మైకు కింద పెట్టి వామన్‌రావు ఎదురుగా తడి నేల మీద కూర్చుంది. జోడించిన ఆయన చేతులు పట్టుకుని విడదీసింది.

"నా మీద ఏ తల్లీ రాలే తాతా. అరిచింది నేనే. అవ్వ ఇంటికొస్తదో రాదో నాకు తెల్వది."