రాక్షసి నోరు

మా ముగ్గురిలో కోపం ముక్కు మీదుండేది నాకే. ఈ సంగతి ముందే చెప్పేస్తే, తర్వాత నన్ను తిట్టుకునేవాళ్ళకి సగం పని తగ్గుతుంది.

సోఫాలు తయారుచేసే చోట నా ఉద్యోగం. ఫోము కొయ్యడం, అతికించడం, వేడిగాలి కొట్టి వంచడం నా పని. బావ కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. మా మేనత్త కొడుకు కాబట్టి నాకతను నిజంగానే బావ. మిగతావాళ్ళకి ఏమీ కాకపోయినా వాళ్ళూ బావా అనే పిలుస్తారు, అతనూ పలుకుతాడు. మూడో మనిషి మైకు. పెద్ద దుకాణంలో ప్రకటనలు చదివేది కాబట్టి ఆ పేరు. ‘తప్పిపోయిన పిల్లవాడు రెండో కౌంటరు దగ్గర ఉన్నాడు’ అని తను చెబితే, పిల్లలు లేనివాళ్ళు కూడా ఒకసారి వెళ్ళి చూసొచ్చేవారు. అంత బాగుండేది ఆ గొంతు.

బడిలో చదివే రోజుల నుంచీ మా ముగ్గురికీ అనిమే, అంటే జపాను కార్టూన్ సీరియళ్ళ పిచ్చి. ఊరి చివర ఎగ్జిబిషన్ హాళ్ళలో ఏటా ఆ అభిమానుల పెద్ద కన్వెన్షన్ జరుగుతుంది. మాకిష్టమైన సీరియల్లోని పాత్రల వేషాలు వేసుకుని వెళ్ళి, స్టేజీ మీద ఒక చిన్న సన్నివేశం ఆడి వస్తాం. ఇంట్లోవాళ్ళకి ఇది పనీపాటా లేని వ్యవహారం. మాకు ఏడాదంతా చేసే ఉద్యోగం కన్నా ముఖ్యం.

కిందటేడు వంతెన సన్నివేశం ఆడాలనుకున్నాం. ఒక రాక్షసి వెయ్యేళ్ళుగా వంతెనకి కాపలా కాస్తుంటుంది. వచ్చినవాడల్లా కత్తి దూస్తాడు, ఓడి వెనక్కి పోతాడు. చివరికి ఇద్దరు సిపాయిలు వస్తారు. వాళ్ళలో ఒకరు ‘నీకేం కావాలి?’ అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న కోసమే కాచుకుని ఉన్న రాక్షసి దారి వదులుతుంది. రాక్షసి మైకు, సిపాయిలం మేమిద్దరం. మా గోడౌన్లో ఫోము షీట్ల మధ్య నిలబడి మాటలన్నీ రికార్డు చేశాం. అక్కడ ప్రతిధ్వని ఉండదు. మైకు గొంతు ఎంత బాగా వచ్చిందంటే, బావ తన మాట మరిచిపోయి నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత తన మెడలో గడ్డ కనబడింది. ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది, ప్రాణానికి భయం లేదన్నారు. కానీ గొంతు నరం దెబ్బతింది. అలా జరగొచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. ముందే చెబితే మాత్రం బాధ తగ్గుతుందా? ఆ ఏడు కన్వెన్షన్‌కి వెళ్ళలేదు. దుకాణంలో మైకుని స్టాకు రూముకి మార్చారు. ఇప్పుడు తన మాటలో సగం గాలి, సగం గరగర. కొత్తవాళ్ళ ముందు నోరు విప్పేది కాదు. బస్సులోనైనా, దుకాణంలోనైనా తన తరఫున నేనే మాట్లాడేదాన్ని. తను నోరు తెరిచేలోపు నేను చెప్పేసేదాన్ని. స్నేహమంటే అదేనని నా నమ్మకం.

ఈ ఏడు మళ్ళీ వెళ్దామని నేనే అన్నాను. “పాత రికార్డుందిగా. నువ్వు నిలబడి చేతులాడిస్తే చాలు. నీకేం శ్రమ ఉండదు.” మైకు తల ఊపింది. నేను దాన్ని సరే అనుకున్నాను.

రెండు నెలలు ఒళ్ళు మరిచి పనిచేశాను. కొమ్ములు, భుజాల మీద పొలుసులు, ముక్కు దగ్గర నుంచి గడ్డం దాకా వచ్చే ముఖకవచం. బావ మైకు పళ్ళకి అచ్చు తీసి కోరలు చేశాడు. వాటి కొసన కాస్త పసుపు రంగు కూడా అద్దాడు. “వెయ్యేళ్ళ నుంచి పళ్ళు తోమని మనిషి, మరదలా, తెల్లగా ఉంటే నమ్మరు” అన్నాడు. కవచానికి చివరి పూత కన్వెన్షన్ రోజు పొద్దున్నే వేసి, తడి ఆరీ ఆరకముందే సంచిలో పెట్టి తెచ్చాను.

హాలు గుమ్మం దగ్గరే ఇసుకేస్తే రాలనంత జనం. నీలం జుట్టు, ఆకుపచ్చ జుట్టు, రెక్కలు, తోకలు. రోబో వేషం వేసుకున్న ఒకాయన కూర్చోలేక గోడకి ఆనుకుని నిలబడితే, భార్య కాబోలు, గొట్టంతో నీళ్ళు తాగిస్తోంది. ఆయుధాలు తనిఖీ చేసేవాడు నా కత్తిని అటూ ఇటూ వంచి చూశాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. “సోఫా ఫోమేనయ్యా, కావాలంటే కూర్చో” అన్నాను. బావ నన్ను పక్కకి లాక్కుపోయాడు.

తిరిగి చూస్తే మైకు లేదు.

ఆ జనంలో ఎవరైనా తోసేస్తే ‘అయ్యో’ అని అరవడానికైనా గొంతు లేని మనిషి. పుస్తకాలమ్మే వరుసలన్నీ వెతికాను. బొమ్మలు గీసేవాళ్ళ బల్లల మధ్య వెతికాను. మైకుది లాంటి విగ్గు చూసి ఎవరి భుజమో పట్టుకుని తిప్పితే, మీసాలున్న మొహం కనబడింది. తిరిగి తిరిగి ప్రాణం ఉసూరుమని స్టేజీ వెనక నడవాలోకి వచ్చేసరికి మైకు అక్కడే ఉంది, కొమ్ములు సర్దుకుంటూ.

“ఎక్కడికి పోయావే? గుండె ఆగినంత పనైంది!”

మైకు నవ్వింది. కోరలు పెట్టుకుంది. నేను కవచం తొడిగి వెనకాల పట్టీలు బిగించాను. అద్భుతంగా ఉంది. నా చేతిపనికి నేనే మురిసిపోతుండగా లోపలినుంచి ఏదో చప్పుడొచ్చింది. ‘బ్భు... వ్వ...’

“రాక్షసికి పంటినొప్పి” అని నవ్వాడు బావ.

మళ్ళీ అదే చప్పుడు. ఈసారి బావ నవ్వలేదు.

మైకు పట్టీలు తనే విప్పుకుంది. కోరలు అరచేతిలోకి ఊడదీసుకుంది. “రికార్డు రాదు” అంది.

“అంటే?”

“సౌండతని దగ్గరికి వెళ్ళొచ్చా. రికార్డు వద్దని చెప్పా. చేతిలో పట్టుకునే మైకు ఇస్తానన్నాడు.”

“ఎవరినడిగి చెప్పావు?” అన్నాను. ఆ మాట ఎంత అడ్డగోలుగా ఉందో అనగానే తెలిసింది. కానీ దాన్ని వెనక్కి తీసుకోలేదు.

మైకు ఒక్కో ముక్కా కూడదీసుకుని మాట్లాడింది. “రోజూ పొద్దున్నే స్టాకు రూములో అట్టపెట్టెలకి చెప్పుకుంటున్నా, ఈ మాటలే. డాక్టరమ్మ మాట్లాడమనే అంది. మాట్లాడకపోతే ఈ కాస్తా పోతుందంది.”

“మాకు చెప్పొచ్చుగా!”

“నేను చెప్పేలోపు నువ్వు ఇంకోటి చెప్తావు.” కవచాన్ని వెలుతురు వైపు తిప్పి పట్టుకుంది. “దీనికి నోరేదే?”

నోరు లేదు. నేనే పెట్టలేదు. పెదాలు రికార్డుకి సరిపడకపోతే జనం నవ్వుతారని, కోరల కొసలు బయటికొచ్చే రెండు చిల్లులు తప్ప అంతా మూసి, పైన పొలుసులు అతికించాను. అది నా తెలివి అనుకున్నాను.

మైకు బావ వైపు తిరిగి అరచెయ్యి చాపింది. “వీటితో మాట్లాడొచ్చా?”

బావ తల గోక్కున్నాడు. “అంగిలి మీద పట్టీ కొంచెం మందంగా పెట్టాను, ఊడిపోకుండా. మాటలు ఎటూ రికార్డులో వస్తాయి కదా అని...” పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళకి మళ్ళీ మాట్లాడేందుకు పళ్ళు చేసిచ్చే మనిషి ఆ ముక్క పూర్తిచెయ్యలేకపోయాడు.

“ఇద్దరూ కలిసి నా నోరు కట్టేశారు” అంది మైకు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “నీ కోసమే కదే చచ్చీచెడీ చేసింది! నలుగురూ నవ్వితే నువ్వు తట్టుకోలేవని!”

“నవ్వితే నవ్వనీ. అది కాదు. నీకు ఆ గొంతంటే ఇష్టం. ఇదంటే ఇష్టం లేదు. అవునా కాదా, చెప్పు.”

బావ తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. పక్కనుంచి ఎవరో రెక్కలు ముడుచుకుని, దారి ఇమ్మని గొణుక్కుంటూ వెళ్ళారు.

“ఇష్టం లేదు” అన్నాను. “నాకు ఆ గొంతే కావాలి. ఫోన్లో ఉంచుకుని వింటున్నాను కూడా. చాలా?”

తనకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

“నాకూ కావాలే” అంది. “కానీ రాదుగా.”

మైకు కవచాన్ని నా చేతిలో పెట్టింది. “కొయ్యి” అంది.

నడవా చివర, చిరిగిన వేషాలు సరిచేసే బల్ల ఉంది. ఒళ్ళంతా పిన్నీసులు గుచ్చుకున్న ఒక పెద్దావిడ అక్కడ ఎవరి తోకకో కుట్టు వేస్తోంది. కత్తి అడిగితే కొత్త బ్లేడు వేసి ఇచ్చింది. కవచాన్ని మైకు మొహానికి పెట్టి, పెదాలున్న చోట సుద్దముక్కతో గీత గీశాను. ఫోముని ఒత్తి కొయ్యకూడదు, ఒక్క లాగులో కొయ్యాలి. రోజూ చేసే పనే. అయినా ఆ రోజు గీత వంకర పోయింది. నేను మురిసిపోయిన పొలుసులు నాలుగు ఊడి బల్ల మీద పడ్డాయి. వంకర నోటితో రాక్షసి ఎవరినో వెక్కిరిస్తున్నట్టుంది.

కోరలు మాత్రం ఎంత అరగదీసినా కుదర్లేదు. బావ వాటిని జేబురుమాల్లో చుట్టి దాచుకున్నాడు. “వయసు మీద పడి పళ్ళూడిపోయాయనుకుంటారులే” అన్నాడు.

“అలాంటివాళ్ళ మీదే కదా నువ్వు బతికేది” అన్నాను. ముగ్గురం నవ్వాం. నవ్వితే మైకు గొంతులోంచి చప్పుడు రాదు, భుజాలు మాత్రం ఊగుతాయి. అది చూడ్డం నాకింకా అలవాటు కాలేదు.

మా వంతు వచ్చింది. లైట్ల వెనక హాలంతా చీకటి, జనం ఉన్నారని దగ్గుల వల్ల తెలుస్తోంది. మైకు స్టేజీ మధ్యలో నిలబడి, చేతిలోని మైకుని కవచం చీలిక దగ్గర పెట్టుకుంది. మొదటి మాటకి గాలి తప్ప ఏమీ రాలేదు.

“వినపడట్లేదు!” అని వెనకనుంచి ఎవరో అరిచారు. కొందరు నవ్వారు.

నా ఒళ్ళు మండిపోయింది. ఆ మాట నాకు కంఠతా వచ్చు. నేనే గట్టిగా చెప్పేస్తే సరిపోతుందని నోరు తెరిచాను కూడా. మైకు నా వైపు చూసింది. కొమ్ముల కింద కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. నేను నోరు మూసుకున్నాను. చిన్నప్పటి నుంచి నన్నెరిగిన బావ ఆశ్చర్యంగా నా వంక చూశాడు.

తను తొందరపడలేదు. మైకుని ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. ఊపిరి తీసుకుంది. “ఎవరు మీరు?” అంది.

ఎండిన కొబ్బరి చిప్పతో గోడ గీకినట్టుంది. కానీ ఈసారి వినబడింది. హాల్లో దగ్గులు ఆగాయి. తర్వాతి మాటల్లో కొన్ని వినబడ్డాయి, కొన్ని మధ్యలోనే పోయాయి. పోయిన ప్రతి మాటనీ తను ఆగి, మళ్ళీ చెప్పింది. సన్నివేశం అనుకున్నదానికన్నా బాగా సాగింది. చివరికి నేను కత్తి కింద పెట్టి అడగాల్సిన చోటు వచ్చింది.

“నీకేం కావాలి?” అన్నాను.

“అడిగినవాళ్ళు మీరొక్కరే” అంది మైకు. “దా...” అక్కడ గొంతు తెగింది. మళ్ళీ కూడదీసుకుని, “దాటండి” అంది.

చప్పట్లు కొట్టారు. హాలు అదిరిపోలేదు, అలా అని మొక్కుబడిగానూ లేవు. బహుమతి పదిమంది కలిసి మోసిన డ్రాగనుకి వెళ్ళింది. దానికే రావాలి కూడా, కళ్ళు ఆర్పి తెరిచే డ్రాగను అది. స్టేజీ దిగాక నేను నా సిపాయి శిరస్త్రాణం తియ్యలేదు. లోపల ఏడుస్తున్నాను. తను నెగ్గుకొచ్చిందని సంతోషం ఉంది. కానీ ఏడ్చింది దానికి కాదు. ఆ పాత గొంతు ఇక రాదని నాకు అప్పుడే తలకెక్కింది. మైకుకి అది ఎప్పుడో తెలుసు. ఇన్నాళ్ళూ తెలియనిది నాకే.

టీ కోసం వరుసలో నిలబడ్డాం. మా వంతు రాగానే అలవాటు కొద్దీ నోరు తెరిచాను. బావ నా కాలు తొక్కాడు. తొక్కకపోయినా ఆగేదాన్నే, ఆ ఘనత అతనికి ఇవ్వను.

“మూడు టీలు” అంది మైకు.

“ఏంటండీ?” అన్నాడు కౌంటరతను చెవి ఇటు పెట్టి. పళ్ళు కొరుక్కుంటూ టీ మరగడం చూస్తూ నిలబడ్డాను.

“మూడు టీలు” అని మళ్ళీ చెప్పింది. “ఒకటి చక్కెర లేకుండా.”

“చక్కెర లేకుండా ఎవరికి?” అన్నాను.

“నాకే.”

“నువ్వు చక్కెర మానేశావా? ఎప్పుడు?”

“ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి. తీపి తగిలితే గొంతులో జిగటగా ఉంటుంది.”

ఏడాదిగా ఏ కౌంటరు దగ్గరైనా సరే, తనకి రెండు చెంచాల చక్కెర వెయ్యమని చెబుతున్నది నేనే. మరి అన్నీ ఎలా తాగావు, చెప్పొచ్చు కదా అనబోయాను. అనలేదు. ఎందుకు చెప్పలేదో ఇందాక స్టేజీ వెనకే చెప్పింది.

కౌంటరతను కప్పులు ముందుకు తోశాడు. మైకు తన టీ అందుకుని ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుంది.

“బాగుందా?” అని అడిగాను. అడిగి, తను చెప్పేదాకా ఆగాను.