రిమార్కుల గడి

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ రెండో అంతస్తులో ఉన్న ఆ ఆఫీసులో ఫైలును నంబరుతో అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఇల్లు కట్టుకోదలచినవాళ్ళకు ఇంజనీరు శివాజీ గారు ప్లాను గీసి, మున్సిపాలిటీలో అనుమతి తెప్పించి పెడతారు. ఆ కాగితాలన్నీ వెనక గదిలో ఇనప బీరువాల్లో ఉండేవి. వాటి మీద పెత్తనం సుధామణిది.

"సుధామణి గారూ, కుక్కకి విడిగా గది అడిగినాయన ఫైలు ఒకసారి!" అని శివాజీ గారు తన గదిలోంచే కేకేసేవారు. ఆ కుక్క పేరుతో సహా గుర్తున్న సుధామణి ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టేది. పేరుతో వెతుకుదామంటే, వెంకటేశ్వరరావులే ఒక బీరువాకి సరిపడా ఉన్నారు.

రెండు వేల నాలుగులో శివాజీ గారికి కంప్యూటర్ మీద భక్తి కుదిరింది. చక్రి అనే అబ్బాయి ఏదో కంపెనీ తరఫున వచ్చి స్కానర్ బిగించాడు.

"ఇక కాగితం కదలక్కర్లేదు మేడమ్. ఒక్కసారి స్కాన్ చేసి ఎక్కిస్తే చాలు. ఎక్కడ నెట్ ఉంటే అక్కడ చూసుకోవచ్చు."

ఒక్కో ఫైలు ఎక్కించాక తెర మీద కొన్ని గడులు నింపాలి. ఫైలు నంబరు, యజమాని పేరు, డోర్ నంబరు, తేదీ. అన్నిటికంటే కింద కాస్త పెద్ద గడి ఒకటి ఉంది. దాని పేరు రిమార్కులు.

"ఇందులో ఏం రాయాలి బాబూ?"

"మీ ఇష్టం మేడమ్. వెతికేటప్పుడు పనికొచ్చేది ఏదైనా."

మీ ఇష్టం అన్న మాట కాస్త చూసుకుని అనాలని చక్రికి తెలియదు. ఇంకా పెళ్ళి కాలేదు.

సుధామణి తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకుంటూ పోయింది. ఆ ఆఫీసులో ఎవరు ఎవర్ని ఎలా అడుగుతారో అలాగే రాసింది. 'ఈశాన్యం మూడుసార్లు మార్చి మొదటిదానికే వచ్చినాయన.' 'తమ్ముడి కిటికీకి ఎదురుగా గోడ లేపినాయన.' 'మెట్ల కింద దేవుణ్ణి పెడతానన్నాయన.' వేసవి మొదట్లో కూర్చున్న మనిషి వానలు పడేదాకా లేవలేదు. శివాజీ గారు ఒకనాడు తెర మీద కుక్క అని కొట్టి, ఫైలు టక్కున ప్రత్యక్షమయ్యేసరికి చప్పట్లు కొట్టినంత పని చేశారు.

"చూశారా, ఎంత తెలివైందో!" అన్నారు కంప్యూటర్‌ని ఉద్దేశించి.

సుధామణి ఇంకో ఫైలు స్కానర్‌లో పెట్టింది. పొగడ్త ఎటు వెళ్ళాలో అటు వెళ్ళకపోవడం ఆమెకు కొత్త కాదు.

ఆ ఉత్సాహంలోనే శివాజీ గారు ఇంకో అడుగు వేశారు. ప్లాన్లు గీయించుకున్నవాళ్ళకు తలో లాగిన్ నంబరు ఇచ్చి, ఎవరి ఫైలు వాళ్ళు ఇంటి దగ్గరే చూసుకునేలా చేయించారు. చక్రి మీట నొక్కాడు. యజమానులకు పేజీ మొత్తం కనిపించింది, అడుగున ఉన్న గడితో సహా. అప్పటిదాకా దాన్ని చూసింది ఆఫీసువాళ్ళే కాబట్టి ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

మొదట తెరిచి చూసినాయన పటమట తిరుపతిరావు గారు. పక్కన కొత్త అల్లుణ్ణి నిలబెట్టుకుని, నెట్ సెంటర్లో తన ఇంటి ప్లాను దర్జాగా చూపించబోయారు. ప్లాను బాగానే వచ్చింది. దాని కింద గడిలో ఏముందో అల్లుడే కూడబలుక్కుని పైకి చదివాడు. 'నిర్ణయాలు భార్యవి, సంతకాలు ఈయనవి.'

పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది. శివాజీ గారు రిసీవర్ని చెవికి దూరంగా పట్టుకుని విన్నారు. అవతలి మాటలు వెనక గది దాకా వినిపించాయి.

"రేపొస్తున్నారట," అన్నారు ఫోన్ పెట్టేసి. "ఆయన కట్టబోయే ఫంక్షన్ హాలు పని మనకే వస్తుందని నేను నమ్మకం పెట్టుకున్నాను సుధామణి గారూ. అది పోతే..." ఆ వాక్యం అక్కడ ఆపారు. మిగతా సగం ఏమిటో సుధామణికి అర్థమైంది. ఈ ఉద్యోగమే.

"కంప్యూటర్ తప్పని చెబుదాం," అన్నారు మళ్ళీ. "దానంతటదే వచ్చిందందాం."

చక్రి ఆ గడిని యజమానులకు కనపడకుండా చేసేశాడు. అరనిమిషం కూడా పట్టలేదు. చూసినవాళ్ళ కళ్ళలోంచి చెరపడానికి మాత్రం అతని దగ్గర ఏ మీటా లేదు.

ఆ సాయంత్రం ఇంటికి, గుణదల వెళ్ళే బస్సులో సుధామణి కిటికీ పక్కన కూర్చుని ఆ మాట గురించే ఆలోచించింది. తను రాసిందాంట్లో అబద్ధం ఉందా? లేదు. ఎకసెక్కం ఉందా? ఉంది, కాస్త. మనిషి ఎదుట అనలేని మాటను గడిలో రాసేటప్పుడు చెయ్యి ఎందుకు ఆగలేదు? బీరువాలున్న రోజుల్లో ఆ మాటలు గాల్లో పుట్టి గాల్లోనే పోయేవి. రాసేసరికి వాటికి తూకం వచ్చింది.

ఇంట్లో భర్త కాశీరావు సంగతంతా విని, నవ్వు ఆపుకుని అడిగాడు.

"ఇంతకీ నా గురించి అయితే ఏం రాసేదానివి?"

"మీ ఫైలు ఇంకా తెరవలేదు లెండి. అన్నం చల్లారిపోతోంది, రండి."

మర్నాడు తిరుపతిరావు గారు ఒక్కరే రాలేదు. భార్య రావమ్మ గారు కూడా వచ్చారు. ఆయన కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టారు.

"ఏవయ్యా శివాజీ, కొత్త అల్లుడి ముందు నా పరువు ఏం కావాలి? నేనేవన్నా వేలిముద్రగాణ్ణా?"

"అయ్యో, అది కంప్యూటర్..."

"కంప్యూటర్‌కేం తెలుసయ్యా మా ఇంట్లో సంగతులు?"

రావమ్మ గారు గదిలో ఉన్నవాళ్ళ ముఖాలన్నీ చూసి, సుధామణి దగ్గర చూపు ఆపారు.

"ఎవరమ్మా రాసింది?"

కంప్యూటర్ అనేస్తే అక్కడితో పోతుంది. కానీ అడిగింది ఆవిడ. ఆవిడ ముఖంలో కోపం ఉందో లేదో తెలియడం లేదు. అబద్ధం చెప్పడానికి ఆ మాత్రం ఆధారమైనా ఉండాలి.

"నేనేనండీ."

శివాజీ గారు కళ్ళు మూసుకున్నారు.

"ఎందుకలా రాశావు?"

"ప్లాను ఖాయమని సారు సంతకం పెట్టి వెళ్ళేవారండీ. మర్నాడే మళ్ళీ వచ్చి, వంటింటి కిటికీ తూర్పుకి తిప్పమనేవారు. ఇంకోసారి వసారా పెంచమన్నారు. ఇంకోసారి పెరట్లోకి గుమ్మం. ప్రతిసారీ, మావిడ చెప్పిందండీ, అనేవారు. అందుకని మీ ఫైలు కావాలంటే మేమంతా అలాగే అడిగేవాళ్ళం. వెక్కిరించాలని రాయలేదు." నిన్న బస్సులో అనుకున్నది గుర్తొచ్చింది. "కొంచెం వెక్కిరింత కూడా ఉందనుకోండి. తప్పే."

"విన్నావా?" అన్నారు తిరుపతిరావు గారు భార్యతో, గెలిచినట్టు.

"విన్నాను. ఆ కిటికీ దగ్గర నిలబడే కదా రోజూ కాఫీ తాగుతారు మీరు." ఆవిడ శివాజీ గారి వైపు తిరిగారు. "ఆ ప్లాను కాగితాల్లో నా పేరెక్కడైనా ఉందా అండీ?"

"అంటే... స్థలం సారు పేరున ఉంది కదండీ. అందుకని..."

"లేదు కదా. ఆ ఇంట్లో నా ప్రమేయం ఉందని ఈ అమ్మాయి ఒక్కతే రాసింది. దాన్ని చదివి ఇంటికొచ్చాక మా అల్లుడు నాతో ఏమన్నాడో ఈయన మీకు చెప్పుండరు. అత్తయ్య గారూ, ఇల్లు మీరు కట్టించారా అన్నాడు. ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాడు వాడే."

తిరుపతిరావు గారు ఫ్యాను వైపు చూశారు.

"ఫంక్షన్ హాలు పని మీరే చేయండి," అన్నారు రావమ్మ గారు. "వంటశాల ఎక్కడుండాలో, ఆడపెళ్ళివాళ్ళ గది ఎంతుండాలో నేనే వచ్చి చెబుతాను. ఈ అమ్మాయి పక్కన కూర్చుని రాసుకుంటుంది."

"అయితే సంతకాలు కూడా నువ్వే పెట్టుకో!" అన్నారు తిరుపతిరావు గారు ఉక్రోషంగా.

"పెడతాను. పెన్ను ఇవ్వండి."

ఆయన చెయ్యి జేబు దాకా వెళ్ళి, కాసేపు అక్కడే ఉండి, చివరికి పెన్నుతోనే బయటికొచ్చింది. శివాజీ గారు ఎందుకైనా మంచిదని చక్రిని పిలిచి, మేడమ్ గారి పేరున కూడా ఒక లాగిన్ నంబరు ఇమ్మన్నారు. నిన్న సగంలో ఆపిన వాక్యాన్ని ఆయన మళ్ళీ ఎత్తలేదు. సుధామణి కూడా గుర్తు చేయలేదు.

రావమ్మ గారు కంప్యూటర్ ముందు కూర్చుని, సుధామణి చూపిస్తుంటే ఒక్కో అంకె ఒత్తి ఒత్తి నొక్కారు. ఆ రోజుల్లో నెట్ నడక తెలిసిందే. ఇంటి ప్లాను పైనుంచి కిందికి, తెర దించుతున్నట్టు మెల్లమెల్లగా దిగసాగింది. ముందు ఉత్తరం ప్రహరీ వచ్చింది. తర్వాత ఈశాన్యం మూల నుయ్యి. తర్వాత వసారా అంచు. తిరుపతిరావు గారు కూడా బెట్టు వదిలి వెనకగా వచ్చి, భార్య భుజం మీదుగా తొంగి చూశారు.

"వంటిల్లు ఇంకా రాలేదేంటమ్మా?" అని ఆవిడ అడిగారు.

"వస్తుందండీ. ఆగ్నేయం కదా, అన్నిటికంటే కింద ఉంటుంది."

"సరే. వచ్చేదాకా ఉంటాను," అని రావమ్మ గారు కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నారు.