ఎడమ కొసన మునిలక్ష్మి

నా కెమెరా ఇంకొకరి చేతికివ్వను. పొగరంటే పొగరే అనుకోండి. మా పెళ్లికి పటాలు తీసిన పెద్దమనిషి ఫిల్ముకు వెలుతురు తగిలించి మొత్తం నాశనం చేశాడు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. చిత్తూరులో స్టూడియో పెట్టి ఊరందరినీ తీశాను గానీ, నేనూ నా భార్యా కలిసి ఉన్న పటం ఒక్కటీ లేకపోయింది.

"ఊర్లో మొగుడూ పెండ్లాలందర్నీ పక్కపక్కన నిలబెడతావు. మన పటం యాడుండాదయ్యా?" అని మునిలక్ష్మి దెప్పేది. కొంగారెడ్డిపల్లెలో ఇల్లు కట్టాక ఇంకో మెలిక పెట్టింది. "ఇల్లు మొత్తం పడాల. ఈ కొసన నేను, ఆ కొసన నువ్వు."

అలాగైతే మెల్లగా తిరుగుతూ ఇంటిని ఈ చివర నుంచి ఆ చివరి దాకా తీసే కెమెరా కావాలి. తిప్పడానికి పాత గ్రామఫోను స్ప్రింగు దొరికింది. పళ్లచక్రాలు మద్రాసు మూర్ మార్కెట్లో కొన్నాను, పిల్లలు బిగించి ఆడుకునే ఇనుప బొమ్మల సెట్టులోవి. తీరా చూస్తే చక్రం బెజ్జం పెద్దది, గ్రామఫోను ఇరుసు సన్నం. వాచీలు బాగుచేసే మస్తాన్ వలికి చూపించాను.

"ఇట్లే బిగిస్తే ఊగులాడతాదప్పా" అని, పాత రేడియో ఏరియల్ గొట్టం ముక్క కోసి మధ్యలో తొడిగాడు. అది ఎంత బాగా కుదిరిందంటే నాకు కుళ్లు పుట్టింది.

ఆయుధపూజ నాడు ముహూర్తం పెట్టుకున్నాం. మునిలక్ష్మి ఎడమ కొసన నిలబడింది. నేను మీట వదిలి, కెమెరా వెనకగా పరుగెత్తి కుడి కొసన నిలబడ్డాను. కెమెరా గరగరమంటూ వాకిలి దాకా తిరిగి ఆగిపోయింది. చక్రాల మీది మూత విప్పి చూస్తే ఒక్కో పంటికీ గంధం, కుంకుమ. కత్తిపీటకూ సైకిలుకూ పెట్టినట్టే దీనికీ పెట్టింది. అది ఎండి చక్రాలు బిగుసుకుపోయాయి.

"నీ మిషను సల్లంగా ఉండాలని పెట్టినా" అని నవ్వింది. "మళ్లా తీద్దాంలే. యాడికి పోతాము?"

దీపావళి రాకముందే కామెర్లొచ్చి పోయింది.

తర్వాత చాలా రోజులు నాకు ఎవరితో పోట్లాడాలో తెలియలేదు. ఒక్కడికే వండుకున్నా అన్నం మిగిలేది. స్టూడియోకి జంటలు వస్తే కసురుకునేవాణ్ణి. చివరికి ఒక ఆదివారం చక్రాలను కిరసనాయిల్లో నానబెట్టి, బ్రష్షుతో తోమి, కెమెరాను మళ్లీ అదే చోట నిలిపాను. మీట వదిలి కుడి కొసకు పరుగెత్తాను. ఈసారి కెమెరా ఎక్కడా ఆగలేదు.

రెండు ఫిల్ములూ కడిగి, పటాలు రెండింటినీ వాకిలి దగ్గర కత్తిరించి అతికించాను. గోడ గోడలో కలిసింది. మస్తాన్ వలి కళ్లజోడు సవరించుకుని చూశాడు.

"ఒకే దినం తీసినట్టుండాది కదప్పా."

"సరిగ్గా సూడు" అన్నాను.

ఎడమ కొసన మునిలక్ష్మి కెమెరా వైపు చూడటం లేదు. తల తిప్పి, నేను సమయానికి చేరతానో లేదోనని నవ్వుతూ నా వైపే చూస్తోంది. కుడి కొసన నేను ఊపిరి బిగబట్టి, రెప్పయినా ఆర్పకుండా, స్టూడియోకి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పినట్టే నిలబడి, కెమెరానే చూస్తున్నాను.