ఉఫ్ఫమ్మ బొమ్మ

ఆ ఫ్యాక్టరీ బిస్కెట్ ప్యాకెట్ మీద అక్షరాలు తప్ప బొమ్మ ఉండేది కాదు. చదవడం రాని పిల్లలు దుకాణంలో పక్కనున్న ఏనుగు బొమ్మ ప్యాకెట్ వైపే వేలు చూపించేవారు. అమ్మకాలు నానాటికీ పడిపోతుంటే యజమానురాలు లేబుళ్లు గీసే ఆర్టిస్టును పిలిచి, "పిల్లలకి చూడగానే చంకెక్కాలనిపించే బొమ్మ ఒకటి గియ్యవయ్యా" అంది.

అతను పులిని గీశాడు. ఆమె పెదవి విరిచింది. కిరీటం పెట్టి రాజకుమారుణ్ణి గీశాడు.

"వీడు బిస్కెట్లు తింటాడా, పన్నులు వసూలు చేస్తాడా?" అంది.

పాలుపోక అతను ఓవెన్ల గదిలోకి వెళ్లి కూర్చున్నాడు. అక్కడ ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న పెద్దామెను అందరూ ఉఫ్ఫమ్మ అంటారు. ప్రతి ట్రేలోంచీ ఒక బిస్కెట్ తీసి, బుగ్గలు పూరించి "ఉఫ్" అని ఊది కొరికేది. ఆవిడ బాగుందంటేనే సరుకు బయటికి పోయేది. ఆ బుగ్గలు చూశాక అతని చెయ్యి ఆగలేదు.

కొత్త ప్యాకెట్లు అచ్చయి వచ్చిన రోజు ఉఫ్ఫమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఏప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించి ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడూ రాలేదు.

మూడో రోజు యజమానురాలూ ఆర్టిస్టూ ఆమె ఇంటికి వెళ్లారు.

"అడక్కుండా నీ బొమ్మ వెయ్యడం నా తప్పే పిన్నీ" అన్నాడతను.

"అదొక తప్పు. మరి నా బుగ్గ మీద మచ్చేదయ్యా?"

ఓవెన్ తలుపు తగిలి కాలిన మచ్చ అది.

"అందంగా ఉంటుందని తీసేశాను..." అతను నసిగాడు.

"పనిలో చేరిన ఏడాది కాలింది. కట్టు కట్టుకుని మర్నాడే పనికొచ్చాను. అది లేకపోతే ఆ ప్యాకెట్ మీద ఆవిడెవరో నాకు తెలీదు. మచ్చ పెడితే నా బొమ్మ వేసుకోండి. లేదంటే ఆ పులినే పెట్టుకోండి."

పిల్లలు జడుసుకుంటారేమోనని యజమానురాలికి లోలోపల బెంగే. అయినా అచ్చయిన ప్యాకెట్లన్నీ పక్కన పడేయించి, మచ్చతో మళ్లీ వేయించింది.

ఎవరూ జడుసుకోలేదు. నెల తిరక్కుండానే దుకాణాల్లో "ఉఫ్ఫమ్మ బిస్కెట్లు" అని అడగసాగారు. చల్లటి బిస్కెట్లను కూడా పిల్లలు ఊది మరీ తినేవారు.

ఒక మధ్యాహ్నం ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చింది. ఏడేళ్ల ఆ పిల్ల చెంప నిండా కాలిన మచ్చ. జుట్టు ముందుకు లాక్కుని దాన్ని కప్పుకుంటోంది.

"ప్యాకెట్ మీది అమ్మమ్మ నిజంగా ఉందా అని ప్రాణం తీస్తోందండీ" అంది తల్లి.

ఉఫ్ఫమ్మ పిండి చేతులతోనే వచ్చి, పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. పిల్ల ఆమె బుగ్గను వేలితో తాకింది.

"నొప్పేసిందా?"

"బోలెడంత. ఏడ్చాను కూడా. తర్వాత తగ్గిపోయింది. రా, ఓవెన్ చూపిస్తాను. దూరం నుంచే సుమా!"

పిల్ల జుట్టు సంగతే మర్చిపోయి, ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.